కొత్త జనరేటర్ అని పాతది అంటగట్టారు, డబ్బు కట్టే ముందు నంబరు చూసుకోండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి బరంపురం వెళ్లి చిన్న ఇన్వర్టర్ జనరేటర్ కొందామనుకునేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. షాపు పేరు రాయను, ఫిర్యాదు పనిలో ఉన్నాను.

మాది పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్ అమ్మే కొట్టు. 2018లో తిత్లీ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేక ఫ్రీజర్లో సరుకంతా పారబోసుకున్నాం, ఆ భయంతోనే ఈసారి అక్టోబరు రాకముందే 72,000 పెట్టి 2 కేవీఏది (కేవీఏ అంటే ఎంత లోడ్ లాగుతుందో చెప్పే లెక్క) తెచ్చాను. ఆయిల్ మేమే పోసేశాం, తాడు లాగితే చాలన్నారు షాపువాళ్లు. ఒక బల్బు పెట్టి రెండు నిమిషాలు ఆడించి చూపిస్తే నేనూ తల ఊపేశాను.

ఇంటికొచ్చాక ఛోక్ (స్టార్టింగులో గాలి తగ్గించే మీట) సగం వేసి ఉంచితే ఆడుతుంది, తీసేస్తే ఊగి ఊగి ఆగిపోతుంది. షాపతనికి ఫోన్ చేస్తే "కిచ్ఛి హెబొ నాహి (ఏమీ కాదు), నాలుగు రోజులు వాడండి, అదే సర్దుకుంటుంది" అన్నాడు. వారం పోయాక మీ పెట్రోలే బాగోలేదన్నాడు. మా వీధి మెకానిక్ కార్బరేటర్ (పెట్రోల్, గాలి కలిపే భాగం) విప్పితే కింది గిన్నెలో గోధుమరంగు బంక, పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, అదే జెట్, పూర్తిగా మూసుకుపోయి ఉంది. వారం పెట్రోల్‌కి అంత బంక కట్టదండీ, నెలల తరబడి లోపల వదిలేస్తేనే కడుతుంది. ఆయిల్ దింపితే తారులా నల్లగా ఉంది, మొత్తం కలిపి మూడు గంటలు ఆడని మిషన్లో! అనుమానం వచ్చి ఇంజన్ మీద నంబరు, వారంటీ కార్డు మీద నంబరు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ వేరు. డెమోకి తిప్పిందో, ఎవరో తిరిగిచ్చిందో, తుడిచి డబ్బాలో పెట్టి ఇచ్చారు. బిల్లు మీద అసలు నంబరే లేదు, అది వారంటీ కుదరదని సర్వీసు వాళ్లు చెప్పాకే నా కంటపడింది.

అందుకని ఆయిల్ మీ ఎదురుగానే పోయించండి, మూత తీయగానే లోపల నల్ల ఆయిల్ కనిపిస్తే ఇక మాట్లాడకుండా వచ్చేయండి. బిల్లు మీద ఇంజన్ నంబరు వేయించండి. ఛోక్ పూర్తిగా తీసి, ఇస్త్రీ పెట్టెలాంటి లోడ్ పెట్టి, ఇరవై నిమిషాలు ఆడించమనండి. 2 కేవీఏ అన్నది చాలా వాటిలో కాసేపు లాగగలిగే లెక్క మాత్రమే, ఆగకుండా ఇచ్చేది ప్లేటు మీద 1.6 అనో 1.8 అనో చిన్నగా ఉంటుంది, ఫ్రీజర్ మోటారేమో స్టార్టింగులో మామూలుకి మూడింతలకు పైనే లాగుతుంది. ఓవర్‌లోడ్ ఎర్ర లైటు వెలిగి కరెంటు ఆగినా ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంటుంది, మనం ఇంకేదో పాడైందనుకుంటాం.

జెట్ కడిగాక ఇప్పుడు బాగానే ఆడుతోంది. పని అయ్యాక పెట్రోల్ కాక్ కట్టేసి దానంతటది ఆగేదాకా వదిలేస్తున్నా, గిన్నె ఖాళీ అవుతుంది. అంతమాత్రాన డబ్బు వదులుకుంటానా? తిరిగి తీసుకోమంటే "వాడిన మిషన్ ఎలా తీసుకుంటాం" అన్నాడు! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాదు, మనం ఉండే జిల్లాలో కూడా కేసు వేయొచ్చు, బరంపురం తిరిగే బాధ లేదు. ఆ నల్ల ఆయిల్ సీసాలో పోసి దాచాను.