రాజ్మా అన్నమా, అలసందల కూరా?

బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్ దాటుకుని ఎనిమిదింటికి ఇల్లు చేరాక అసలు ప్రశ్న ఇదే.

నానబెట్టడం: రాజ్మా సంగతి పొద్దున్నే గుర్తుండాలి, 8 గంటలు పడుతుంది. అలసందలకి (కోస్తావాళ్ళకి బొబ్బర్లు) గంట చాలు. అలసందలు నానబెట్టడం మరిచిపోయారా? అలాగే కుక్కర్లో వేసి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

గ్యాసు: రాజ్మాకి ఆరేడు విజిల్స్, ఆపైన పది నిమిషాలు సన్నసెగ. నానిన అలసందలకి మూడు. పైన గిన్నెలో సోనామసూరి పెడితే అన్నమూ అయిపోతుంది, కాస్త మెత్తగానే అనుకోండి.

ఖర్చు: పెద్ద తేడా లేదు.

రిస్కు: ఇది మాత్రం రాజ్మాదే. పచ్చి గింజల్లో ఫైటోహీమగ్లుటినిన్ అనే లెక్టిన్ (విషంలా పనిచేసే ఒక ప్రోటీన్) ఉంటుంది. సగం ఉడికినవి తింటే వాంతులు, విరేచనాలు. నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్ ఎక్కించండి. స్లో కుక్కర్లో నేరుగా వేయొద్దు, అది సరిగా మరగదు. గింజను వేళ్ళతో నొక్కి చూడండి: వెన్నలా నలగాలి, మధ్యలో పలుకు తగిలితే మళ్ళీ పొయ్యి మీదకే. ఒకసారి నేను ఆకలికి ఆగలేక దించేశాను, ఆ రాత్రంతా నిద్ర లేదు.

రుచి: రాజ్మా మర్నాటికి ఇంకా బాగుంటుంది. అలసందలు వేడివేడిగా, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపుతో.

అందుకే ఆదివారం రాత్రి వండి సోమవారం డబ్బా కట్టేవాళ్ళకి రాజ్మా. అప్పటికప్పుడు ఆకలేసేవాళ్ళకి అలసందలే. డిసెంబరు, జనవరుల్లో అయితే రెండూ పక్కనపెట్టండి, బెంగళూరు మార్కెట్లో అవరెకాయలు (అనపగింజల చిక్కుడు) దిగుతాయి!