పెద్ద కంపెనీని రప్పించడమా, ఉన్న వ్యాపారాలను పెంచడమా?

చిన్న నగరం మళ్లీ పుంజుకోవాలంటే రెండు దారులు కనిపిస్తాయి: రాయితీలిచ్చి బయటి కంపెనీని రప్పించడం, ఉన్న వ్యాపారాలకు ఊతమివ్వడం.

మొదటి దారిలో వేగం ఉంది. ఒక్క ఒప్పందంతో వేల ఉద్యోగాల ఆశ పుడుతుంది. ఆ ఆశకు పూచీ ఎవరు? అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2017లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థ ఫాక్స్‌కాన్‌తో 13,000 ఉద్యోగాల లెక్కన ఒప్పందం చేసుకుంది. ప్లాంటు కోసం అక్కడి మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్లో ఇళ్లు ఖాళీ చేయించారు, రోడ్లకూ భూమికీ స్థానిక సంస్థలు ముందే అప్పు చేశాయి. 2021లో ఒప్పందాన్ని తిరగరాసేసరికి ఆ సంఖ్య 1,454కి పడిపోయింది. ఇళ్లు వదిలి వెళ్లినవారికి మాత్రం తిరిగి వచ్చే దారి లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అమెరికాలోనే కొలరాడో రాష్ట్రంలోని లిటిల్‌టన్ నగరం రెండో దారి పట్టింది. 1980లలో పెద్ద సంస్థ ఒకటి వేలమందిని తొలగించాక, మరో కంపెనీ కోసం వెతకకుండా స్థానిక వ్యాపారులకు మార్కెట్ సమాచారం అందించడం మొదలుపెట్టింది: కొనేవాళ్లు ఎక్కడున్నారు, పోటీ ఎవరితో వంటివి. ఫలితం నెమ్మదిగా వస్తుంది, నిజమే. అయితే ఒక దుకాణం మూతపడినంత మాత్రాన నగరం కుప్పకూలదు.

నా మొగ్గు రెండోదానికే. పెద్ద కంపెనీ వస్తానంటే వద్దనక్కర్లేదు, ఉద్యోగాలు ఇచ్చాకే రాయితీ అని ముందే రాయించుకోవాలి.