విశాఖలో బుల్లి ఇంజన్లు: ఖర్చు ఎక్కడ పెట్టాలి

విశాఖలో బుల్లి ఇంజన్ల ప్రదర్శనకి బయల్దేరుతుంటే "ఆ డబ్బుకి మంచి ఫోర్ జా చక్ వచ్చేది కదా" అని ఇంట్లో అననే అన్నారు. చక్ అంటే లేత్ మీద ముక్కని బిగించి పట్టుకునేది. బెజవాడ నుంచి విశాఖ దాదాపు 350 కిలోమీటర్లు. రానూపోనూ చార్జీలు, లాడ్జి, ఆటోలు కలిపితే నాలాంటి లేత్ పిచ్చోడికి బరువే. కానీ చిన్న ఆవిరి ఇంజన్లు, ఓడ నమూనాలు చేసేవాళ్లంతా ఒకే హాల్లో దొరకడం మన దగ్గర అరుదు.

వందేభారత్ త్వరగా చేరుస్తుంది గానీ, టికెట్ రత్నాచల్ సెకండ్ సిట్టింగ్‌కి ఎన్నో రెట్లు. రత్నాచలే ఎక్కాను. ఇంజన్ పెట్టె సీటు కింద పట్టింది. బాయిలర్ కింద మండించే స్పిరిట్ మాత్రం వెంట పెట్టుకోవద్దు, మండే సరుకు రైల్లో నిషేధం. ప్రదర్శనలో ఎలాగూ అందరూ ఇంజన్లని ఆవిరికి బదులు కంప్రెసర్ గాలితోనే తిప్పారు.

బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గది ఒకటి చూశాను. పగలంతా హాల్లో ఉండేవాడికి కిటికీలో సముద్రం ఎందుకు? పైగా అక్కడ ఏ వేళ దిగినా పొద్దున పదకొండుకల్లా ఖాళీ చేయాలట. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర 24 గంటల లెక్కన ఇచ్చే లాడ్జి తీసుకున్నాను. గది ఇరుకు, దుప్పటి శుభ్రం, బకెట్‌కి పిడి లేదు. మిగిలిన డబ్బుతో ఇంకో రాత్రి ఉండగలిగాను. అదే కలిసొచ్చింది. అసలు మాటలు సందర్శకులు వెళ్లిపోయాకే మొదలయ్యాయి మరి.

షిప్‌యార్డులో చేసి రిటైరైన ఒక పెద్దాయన నా ఇంజన్ దగ్గర చెవి పెట్టి నిలబడ్డారు. "ఏటి బాబూ, కుంటుతోందిది" అన్నారు. నిజమే, ఒక ఛఫ్ (గాలి బయటికి వదిలే చప్పుడు) గట్టిగా, మరొకటి నీరసంగా. వాల్వ్ ఉండే పెట్టె, అదే స్టీమ్ చెస్ట్, దాని మూత విప్పించారు. ఫ్లైవీల్‌ని ఒక డెడ్ సెంటర్‌కి, అంటే పిస్టన్ ఒక కొసకి చేరే చోటికి, తర్వాత రెండోదానికి తిప్పి, ఫోన్ లైటు వేసి పోర్టులు, అదే ఆవిరి దూరే కంతలు, చూపించారు. ఒకవైపు వెంట్రుక వాసి సందు, రెండోవైపు గోరు దూరేంత. "ఎక్సెంట్రిక్ తిప్పమంటారా గురువుగారూ?" అంటే, వాల్వ్‌ని ఆడించే ఆ బిళ్ల మీద చెయ్యి పెట్టనివ్వలేదు. వాల్వ్ రాడ్ మీద నట్టు అర చుట్టు తిప్పారు, అంతే. గాలి వదిలితే రెండు చప్పుళ్లూ ఒకే తీరు! వాల్వ్ సర్దడం గురించి చదవలేదని కాదు, చెవితో పట్టడం ఎవరైనా పక్కన నిలబడి చూపిస్తేనే వస్తుంది. చక్ తర్వాత కొనుక్కోవచ్చు.

మర్నాడు ఆర్కే బీచ్‌లో కురుసుర చూశాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడాది మ్యూజియమైన సబ్‌మెరైన్. 91 మీటర్ల పొడవు, మూడు డీజిళ్లు. వెనక జనం తోస్తుంటారు, ఇంజన్ల దగ్గర తీరిగ్గా నిలబడాలంటే సెలవు రోజు వెళ్లొద్దు. ఎదురుగా టీయూ-142 విమానమూ ఉంది. ఒక్కటే చూసే తీరిక ఉంటే మనలాంటివాళ్లకి కురుసురే. తిండికి బెంగ లేదు, బీచ్‌లో మురీ మిక్చర్‌తోనే సాయంత్రం గడిచిపోతుంది.

తిరుగు ప్రయాణంలో యలమంచిలిలో దిగి లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్లాను. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. మోటారు ఎంత హెచ్‌పీ అని నేనడిగాను. పెట్టెలో ఏముందని ఆ పనాయన అడిగాడు. విప్పి, చేత్తో తిప్పి చూపించేసరికి నా బస్సు కాస్తా వెళ్లిపోయింది.