ఎల్‌సీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి: జీడిపిక్కలు దిగుమతి చేసుకునేవారికి హెచ్చరిక

పలాసలో నాకు చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఈ సీజన్‌లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ రేవు నుంచి ఐదు కంటైనర్ల పిక్కలు తెప్పించి గట్టి దెబ్బ తిన్నాను. ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే అడిగిన పత్రాలు సరిగ్గా ఉంటే అమ్మినవాడికి డబ్బు చెల్లిస్తామని మన బ్యాంకు ఇచ్చే హామీ) మీద సరుకు తెప్పించుకునే తోటివారు, ముఖ్యంగా మొదటిసారి తెప్పించుకుంటున్నవారు, బ్యాంకుకు దరఖాస్తు ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి. అమ్మినవాడి పేరు రాయడం లేదు. ఇలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. మనం కాగితాల దగ్గర జాగ్రత్తపడితేనే తప్పించుకోగలం.

ఒప్పందంలో అవుట్‌టర్న్ 48 పౌండ్లు. అంటే 80 కిలోల బస్తాకు 21.77 కిలోల మంచి పప్పు రావాలి. తేమ 10 శాతం దాటకూడదు. విశాఖ రేవులో సరుకు విడిపించుకుని గోదాముకు తెచ్చి, మొదటి బస్తా కుట్టు విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. వేర్వేరు బస్తాల నుంచి నమూనాలు తీసి, కలిపి, కిలో తూచి, పిక్కలు లెక్కపెట్టి ఒక్కొక్కటీ రెండుగా కోయించాను. కొన్నింటిలో ముడుచుకుపోయిన పప్పు, కొన్నింటిలో నల్ల మచ్చలు, కొన్నింటిలో పొడి తప్ప ఏమీ లేదు. అయిదు కంటైనర్లకూ సగటు కట్టి చూస్తే 41 పౌండ్లు వచ్చింది. బస్తాకు ఏడు పౌండ్లు తక్కువ. వెయ్యి బస్తాల మీద మూడు టన్నులకు పైగా పప్పు పోయినట్టే. అప్పటికే డబ్బు చెల్లింపు అయిపోయింది.

బ్యాంకును అడిగితే, తాము కాగితాలే చూస్తామని, సరుకు చూడమని చెప్పారు. మొదట కోపం వచ్చింది. తర్వాత ఎల్‌సీలకు అంతర్జాతీయ వాణిజ్య మండలి పెట్టిన నిబంధనలు, యూసీపీ 600, తెప్పించుకుని చదివాను. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధనల ప్రకారమే మన ఎల్‌సీలు నడుస్తాయి. బ్యాంకులు వ్యవహరించేది పత్రాలతోనే, సరుకుతో కాదని అయిదో అధికరణం స్పష్టంగా చెబుతోంది. పత్రం అబద్ధమైనా, నకిలీదైనా తమకు బాధ్యత లేదని 34వ అధికరణం చెబుతోంది. బ్యాంకు వారు నాకు అన్యాయం చేయలేదు. దరఖాస్తు నేనే గుల్లగా రాశాను.

నాణ్యత సర్టిఫికెట్ కావాలని రాశాను గానీ, ఎవరు ఇవ్వాలో, అందులో ఏమేమి ఉండాలో రాయలేదు. అలా వదిలేస్తే, చూపులకు సర్టిఫికెట్‌లా ఉన్న ఏ కాగితాన్నయినా బ్యాంకు అంగీకరించవచ్చు. నాకు వచ్చింది అమ్మకందారు తన లెటర్‌హెడ్ మీద తానే ఇచ్చుకున్నది. ‘సరుకు మంచి నాణ్యత గలది, ఎగుమతికి అనువైనది’ అన్న ఒకే ఒక్క వాక్యం, కింద ముద్ర. అంకె ఒక్కటీ లేదు. అవుట్‌టర్న్ 48కి తగ్గరాదని అదనపు షరతుల్లో రాశాను కదా అనుకున్నాను. ఏ పత్రం ద్వారా రుజువు చేయాలో చెప్పని షరతును బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. ఈ సంగతి మన ఊళ్లో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆ పత్రాల్లో బ్యాంకు రెండు తేడాలు పట్టుకుంది. సరుకు ఎక్కించిన 21 రోజుల్లోగా పత్రాలు ఇవ్వాల్సి ఉండగా 24వ రోజున ఇచ్చారు. ఇన్‌వాయిస్‌లో సరుకు వివరణ ఎల్‌సీలో ఉన్నట్టు లేదు. అలాంటప్పుడు చెల్లించకుండా తిరస్కరించే హక్కు బ్యాంకుకు ఉంటుంది. పత్రాలు చూసి తేల్చడానికి వారికి గరిష్ఠంగా అయిదు పనిదినాలే గడువు. ఆ లోపల, తేడాలున్నా అంగీకరిస్తారా అని నన్ను అడిగారు. ఫ్యాక్టరీలో పిక్కలు అయిపోయి పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు. ఒక్క కాగితమూ తిప్పిచూడకుండా సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాను.

చూసి ఉంటే నా కంట్లో పడేది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు తీసుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే రసీదు) మీద సరుకు ఓడకెక్కిన తేదీ కంటే నాణ్యత సర్టిఫికెట్ తేదీ నాలుగు రోజులు తర్వాతిది. సీలు వేసి ఓడెక్కిన కంటైనర్లలోని పిక్కలను సముద్రం మీద ఎవరు పరీక్షించారు? పరీక్ష ఎగుమతికి ముందే జరగాలని నేను ఎల్‌సీలో రాయలేదు కాబట్టి బ్యాంకు దీన్ని తప్పుగా ఎంచలేదు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో కూడా సరుకు ఎక్కించిందీ లెక్కపెట్టిందీ పంపినవారేనని ఉంది. ఓడ కంపెనీ బస్తాల లోపల ఏముందో చూడలేదన్నమాట. ఆ మాట ఉన్నా బ్యాంకు తీసుకోవచ్చు.

న్యాయవాదిని కలిశాను. ఆయన 1941 నాటి న్యూయార్క్ కేసు ఒకటి చెప్పారు. కుంచెలకు వాడే బిరుసు వెంట్రుకలు పంపాల్సిన లక్నో వ్యాపారి 50 పెట్టెల్లో ఆవు వెంట్రుకలు, చెత్త నింపాడని కొనుగోలుదారు ఆరోపణ. అది నిజమైతే బ్యాంకు చెల్లించనక్కరలేదని కోర్టు అంది. కానీ అక్కడ చెల్లింపు ఇంకా జరగలేదు. పైగా నాకు వచ్చినవి నాసిరకమైనా పిక్కలే. ఘోరమైన మోసం కనబడితే తప్ప చెల్లింపు ఆపడానికి మన కోర్టులూ సాధారణంగా ఒప్పుకోవు.

ఇప్పుడు నేను దరఖాస్తులో ఇలా రాస్తున్నాను: నేను పేరు చెప్పిన స్వతంత్ర సర్వేయర్ (సరుకు తనిఖీ చేసే బయటి సంస్థ), కంటైనర్ నింపేటప్పుడు తీసిన నమూనాలతో, ఎగుమతికి ముందు తేదీతో ఇచ్చిన సర్టిఫికెట్, అందులో అవుట్‌టర్న్ 48 పౌండ్లకు తగ్గకుండా, తేమ 10 శాతం దాటకుండా, కిలోకు పిక్కల సంఖ్య, కంటైనర్ నంబర్లు, సీలు నంబర్లు ఉండాలి. ఆ సర్టిఫికెట్ నకలు సర్వేయర్ నుంచే నేరుగా తెప్పించుకుని సరిచూస్తున్నాను. సర్వేయర్ రుసుముకు వెనకాడకండి, బస్తాకు ఏడు పౌండ్ల నష్టం ముందు అది ఎంత?

తేడాలు ఉన్నాయంటూ బ్యాంకు పంపిన లేఖ ఇప్పుడు మీలో ఎవరి బల్ల మీదైనా ఉంటే, సంతకం పెట్టకముందే బ్యాంకుకు వెళ్లి మొత్తం పత్రాలు అడిగి చూడండి. ముందుగా ఆ రెండు తేదీలు, సరుకు ఓడకెక్కినదీ సర్టిఫికెట్‌దీ, పక్కపక్కన పెట్టండి.