బాలాజీ కాలనీలో ఇమ్యునాలజీ కోచింగ్: సార్ సూపర్, మిగతాదే కష్టం

నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష కోసం తిరుపతి బాలాజీ కాలనీలో ఓ కోచింగ్‌లో చేరాను, పేరు వద్దులెండి. ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) సార్ మాత్రం అదరగొట్టారు. కిల్లర్ టీ కణం (జబ్బు పడ్డ కణాల్ని చంపే రోగనిరోధక కణం) కనపడిన కణాన్నల్లా చంపుకుంటూ పోదని, దాని మీదున్న పీడీ-1 అనే ప్రోటీన్‌కి ఎదుటి కణం మీది పీడీ-ఎల్1 ప్రోటీన్ తగిలితే లోపల ఎస్‌హెచ్‌పీ-2 ఎంజైమ్ వచ్చి ఫాస్ఫేట్లు పీకేసి ‘చంపు’ అనే సిగ్నల్‌ను చల్లార్చేస్తుందని, బోర్డు మీద గీసిన బాణాలు ఒక్కొక్కటే తుడుస్తూ మరీ చూపించారు. క్యాన్సర్ కణాలు ఈ బ్రేకే తొక్కి తప్పించుకుంటాయి. ఇలాంటి బ్రేకులు విడిపించే దారి చూపినందుకే శాస్త్రవేత్తలు ఆలిసన్, హోంజోలకు 2018 నోబెల్. ఎన్‌కేజీ2ఏ అనే ఇంకో బ్రేకును మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. జిరాక్స్ నోట్సు మసక, అక్షరాలు కనపడి చావవు. ఏసీ అన్నారు, ఉన్నది ఫ్యానే, మే నెల తిరుపతిలో ఫ్యానంటే మీకే తెలుసు. డెమో క్లాసు విన్నాకే ఫీజు కట్టండి.