ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు నికాన్ డీఎక్స్ 35 ఎంఎం లెన్స్: ఆరేళ్ల వాడకం తర్వాత

పాత క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా) అమ్మేసి, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా నికాన్ డీ750 కొన్నప్పుడు దాచుకున్న డబ్బంతా దానికే అయిపోయింది. కొత్త లెన్స్ సంగతి తర్వాత చూద్దామని, ఇంట్లో ఉన్న 35 ఎంఎం ఎఫ్1.8 డీఎక్స్ లెన్స్‌నే (డీఎక్స్ అంటే నికాన్ చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసింది) తగిలించాను. ఆరేళ్లయింది, ఇప్పటికీ ఎక్కువ రోజులు కెమెరాకు ఉండేది అదే. బరువు 200 గ్రాములే.

ముందుగా ఒక పని చేయాలి. డీఎక్స్ లెన్స్ పెట్టగానే కెమెరా గుర్తుపట్టి, తనంతట తానే సెన్సర్ మధ్య భాగం మాత్రమే వాడుతుంది. 24 మెగాపిక్సెళ్లలో 10 మిగులుతాయి. మెనూలో ఇమేజ్ ఏరియాలోకి వెళ్లి ఆటో డీఎక్స్ క్రాప్ ఆఫ్ చేయండి. ఇది తెలియక మొదటి వారం ఫొటోలన్నీ చిన్న సైజులోనే తీశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆఫ్ చేశాక మూలలు నల్లబడతాయి. ఇది లెన్స్ లోపం కాదు. 24×16 మిల్లీమీటర్ల సెన్సర్ కోసం చేసిన లెన్స్ వెలుగు 36×24 ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మూలల దాకా పూర్తిగా అందదు. లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచే ఎఫ్1.8లో ఆ నలుపు మెల్లగా కలిసిపోతుంది, మధ్యలో మనిషి ఉంటే అందంగానే ఉంటుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్8కి వెళ్తే పోతుందనుకుంటాం గానీ, నలుపు అంచు గీత గీసినట్టు తేలుతుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే తొడుగు) తీసేయండి, మందపాటి ఫిల్టర్ పెట్టకండి. గ్రూప్ ఫొటోలకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, చివర నిలబడ్డవాళ్ల ముఖాలు మసకగా వస్తాయి.

నాకు బాగా నచ్చింది చదరపు ఫొటో. 6016×4016 ఫొటోను ఎత్తు తగ్గించకుండా 4016×4016కి కత్తిరిస్తే 16 మెగాపిక్సెళ్లు ఉంటాయి. మూల నుంచి మూలకు 43 మిల్లీమీటర్లు ఉండేది 34 అవుతుంది కాబట్టి నలుపు దాదాపు పోతుంది. మా అమ్మమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఇలాగే తీశాను. వెనక గోడ మీద క్యాలెండర్ నుంచి ముందున్న చేట దాకా అంతా పట్టింది. అదే చోటు నుంచి డీఎక్స్ క్రాప్‌లో తీస్తే క్యాలెండరో చేటో, ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

నికాన్ మిర్రర్‌లెస్ కెమెరాలైన జెడ్ సిరీస్‌లో ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి: అడాప్టర్‌తో ఈ లెన్స్ పెడితే డీఎక్స్ క్రాప్‌ను ఆఫ్ చేసే వీలుండదు. వాళ్లు దీనికోసం డబ్బు పెట్టకపోవడమే మంచిది.