ఎనిమిదేళ్లుగా అడవి నీళ్లు తాగించిన ఫిల్టర్

శివరాత్రికి వెంకటాపురం నుంచి నల్లమల గుండా శ్రీశైలం నడిచేవాళ్లకు పెద్దచెరువు తెలిసే ఉంటుంది. నాగలూటి దాటాక గంటల తరబడి ఎండుటాకుల మీద నడిచి అక్కడికి చేరేసరికి సీసాలో చుక్క మిగలదు. నేను ఈ ఫిల్టర్‌ను మొదటిసారి వాడింది ఆ చెరువు గట్టు మీదే. అప్పటినుంచి ఎనిమిదేళ్లలో రెండు ఫిల్టర్లు వాడాను. మొదటిది ఎలా పోయిందో చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

వస్తువు చిన్నది, పిడికిట్లో ఇముడుతుంది. లోపల సన్నని బోలు దారాలు గుత్తిగా ఉంటాయి. వాటి గోడల్లోని రంధ్రాలు 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా, అంతకంటే ఎంతో పెద్దవైన గియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటి పరాన్నజీవులు అందులో దూరలేవు. మురికి నీళ్లు సంచిలో నింపి, ఫిల్టర్ బిగించి, పిండితే చాలు. కరెంటు అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. కొత్తలో లీటరు నీళ్లు నిమిషంన్నరలో వచ్చేవి.

దానితో వచ్చిన సంచి మాత్రం ఏడాది నిలవలేదు. గట్టిగా పిండితే అంచు అతుకు విడిపోయింది. ఇప్పుడు శీతల పానీయాల ప్లాస్టిక్ సీసా వాడుతున్నాను, మర సరిగ్గా సరిపోతుంది. మంచినీళ్ల సీసాలు చాలావాటికి సరిపోదు, బయలుదేరే ముందు ఇంట్లోనే బిగించి చూసుకోండి. మరలో ఉండే రబ్బరు వాషర్ మీదా ఒక కన్నుండాలి. ఒకసారి అది సీసా మూతికి అంటుకుని ఆకుల్లో పడిపోయింది. వాషర్ లేకపోతే వడపోయని నీళ్లు పక్కనుంచి కారి తాగే సీసాలోనే పడతాయి. అందుకే అదనంగా రెండు వాషర్లు దగ్గర ఉంచుకుంటాను.

రెండో ఏడాది చెరువు నీళ్లను నేరుగా సీసాలో నింపుతుంటే ఒక చెంచు పెద్దాయన చూసి, “ఆ నీళ్లెందుకయ్యా, చెలమ తీసుకో” అన్నాడు. నీటి అంచుకు రెండడుగుల దూరంలో, ఇసుక ఉన్నచోట మోచేతి లోతు గుంట తీశాడు. మొదట ఊరిన బురద నీళ్లు మూడుసార్లు తోడి పారబోశాడు. నాలుగోసారి ఊరినవి తేటగా ఉన్నాయి. ఫిల్టర్‌కు ఇంతకంటే మేలు చేసే పని ఇంకొకటి లేదు. ఇసుక లేనిచోట పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలు వేసి వడకడతాను. దీన్ని తక్కువగా చూడకండి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో ఇలా చీరతో వడపోసుకున్న ఊళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మరీ అడుసు నీళ్లయితే రాత్రే గిన్నెలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపి వదిలేస్తే తెల్లవారేసరికి తేరుకుంటాయి.

ఇక మొదటి ఫిల్టర్ సంగతి. డిసెంబరులో నేనూ ఒక మిత్రుడూ ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లాం. జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర గుడారం వేసుకున్న రాత్రి ఫిల్టర్‌ను వీపు సంచి పక్క జేబులో వదిలేశాను. తెల్లవారి చూస్తే రాయిలా గడ్డకట్టి ఉంది. ఎండలో పెట్టాక కరిగింది, నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. ఇద్దరం మరో రెండు రోజులు ఆ నీళ్లే తాగాం. ఇంటికి వచ్చిన పది రోజులకు నా మిత్రుడికి విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షలో గియార్డియా అని తేలింది. ఆ నీళ్ల వల్లేనని నిరూపించలేను, కానీ నా అనుమానం మాత్రం వాటి మీదే. తడిసిన దారాల్లో నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచించి వాటిని చీల్చేస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. బురద పట్టిన ఫిల్టర్ నీళ్లు ఆపేసి తన స్థితి తానే చెబుతుంది, చీలిన ఫిల్టర్ ఇంకా ధారాళంగా పోస్తుంది.

ఆ తరువాతే ఒక పరీక్ష నేర్చుకున్నాను. ఫిల్టర్‌ను బాగా తడిపి, ఒక కొసను నీళ్లలో ముంచి, రెండో కొస నుంచి నోటితో గట్టిగా ఊదాలి. దారాలు బాగుంటే గాలి దాటదు. బుడగలు ధారగా వస్తే పని అయిపోయినట్టే. నాది బుడగలు కక్కింది, అదే రోజు పారేశాను. ఇప్పుడు చలి ప్రాంతాల్లో ఫిల్టర్‌ను కవరులో చుట్టి నాతోపాటే స్లీపింగ్ బ్యాగులో పడుకోబెడతాను.

ఇది ఆపలేనివీ ఉన్నాయి. వైరస్‌లు ఈ రంధ్రాల కంటే చిన్నవి. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు మనుషుల మలం నుంచే నీళ్లలోకి వస్తాయి. కాబట్టి మనిషి అలికిడి లేని ఊట కంటే, వేలమంది నడిచే శివరాత్రి దారిలోనే నాకు భయం ఎక్కువ. అక్కడ వడపోసిన నీళ్లలో క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగుతాను. ముందు వడపోత, తరువాతే మాత్ర. బురదలో వేస్తే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. మంట పెట్టుకోగలిగిన చోట మరిగించడమే అన్నిటికంటే మేలు: తెర్లిన తరువాత ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు. నీళ్లలో కరిగిపోయిన పురుగుమందునూ ఫ్లోరైడునూ ఈ ఫిల్టర్ తీయలేదు. అడవి అంచున పత్తి, మిరప చేల నుంచి వచ్చే వాగు ఎంత తేటగా ఉన్నా దాటిపోతాను.

ఒకవేళ ఫిల్టర్ పోయి, వేరే దారే లేకపోతే? నేనైతే గుడ్డతో వడకట్టి తాగేస్తాను. గియార్డియా సాధారణంగా వారం, రెండు వారాలకు బయటపడుతుంది, ఆలోగా వైద్యుడి దగ్గరికి చేరవచ్చు. మండుటెండలో దాహం అదే రోజు ప్రాణం మీదికి తెస్తుంది.

తిరిగి వచ్చాక సిరంజితో శుభ్రమైన నీళ్లు వెనకనుంచి ఎక్కించి మురికి పోయేదాకా కడుగుతాను. బోరు నీళ్ల ఉప్పు పేరుకుంటే వెనిగర్‌లో నానబెడతాను. ఇప్పుడున్న ఫిల్టర్‌కు అయిదేళ్లు. ప్రతి ప్రయాణానికి ముందూ ఊది చూస్తాను, ఇంతవరకు ఒక్క బుడగ రాలేదు. మొన్న శివరాత్రికి భీముని కొలను దగ్గర లీటరుకు మూడు నిమిషాలు పట్టింది. కడిగాక కూడా నాలుగు దాటిన రోజున మారుస్తాను.